అయ్యగారి సాంబశివరావు

పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరమునకు సమీపమున మోగల్లు అను గ్రామము గలదు. భారతదేశమున ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాది వేసిన మహనీయులలో ఒకరగు అయ్యగారి సాంబశివరావుగారి స్వగ్రామ మదియే. వారు 1914వ సంవత్సరమున జన్మించిరి.

సాంబశివరావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సి. పట్టము పొంది, అచ్చటనే కొంతకాలము అధ్యాపకులుగా పనిచేసిరి. 1946లో టాటా విద్యార్థివేతనము లభింపగా అమెరికాకు వెళ్లి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించిరి. పిమ్మట స్వదేశమునకు మరలివచ్చి, హోమీ భాభా పండితుని నాయకత్వమున పనిచేయు శాస్త్రజ్ఞులలో చేరిరి.

ఆ దినములలో సున్నితమైన పరికరము ఏది కావలసినను విదేశములనుండి తెప్పించుకొనుటయే ఆచారము. అది చెడిపోయినచో బాగుచేయు వారును విదేశీయులే. కొన్న వస్తువు మనకు పని చేసిపెట్టునే గాని విద్య నేర్పదని సాంబశివరావుగారు గ్రహించిరి. కావున తమ విభాగమున యువ ఇంజనీర్లను చేరదీసి, పరికరములను వారిచేతనే నిర్మింపజేసిరి.

ఈ పద్ధతికి 1956లో గొప్ప పరీక్ష వచ్చెను. ట్రాంబేలో అప్సర అను అణురియాక్టరు నిర్మాణమగుచుండెను. దాని యింధనము ఇంగ్లండునుండి వచ్చెను. కాని దానిని అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ పరికరములను సాంబశివరావుగారి బృందమే సిద్ధపఱచెను. అట్టి పరికరము ఒక్కటి తప్పినను ప్రమాదము సంభవింపవచ్చును. ఆగస్టు 4వ తేదీన అప్సర జయప్రదముగా పనిచేయ నారంభించెను.

1962లో చైనాతో యుద్ధము జరిగినపుడు, ఎలక్ట్రానిక్స్ విషయమున మన దేశము ఎంత వెనుకబడియున్నదో అందఱకును తెలిసివచ్చెను. మఱుసటి సంవత్సరము ప్రభుత్వము భాభా అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. విక్రమ్ సారాభాయి, సూరి భగవంతముగార్లతోపాటు సాంబశివరావుగారును అందు సభ్యులు. 1966 జనవరిలో భాభా విమానప్రమాదమున మరణించిరి. నాయకుడు పోయినను ఆశయము నిలిచెను. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడగా, దానికి సాంబశివరావుగారు మేనేజింగు డైరెక్టరైరి.

1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరు వెలువడెను. ట్రాంబేలో మనవారు రూపొందించిన ఆ యంత్రమును ఈ సంస్థయే తయారుచేసెను. కంప్యూటరు ఎఱిగిన అంకెలు రెండే: సున్న, ఒకటి. అట్టి అంకెలను పండ్రెండేసి చొప్పున ఒక్కసారిగా గ్రహించి లెక్కించుటచే దానికి ఆ సంఖ్య పేరున చేరెను. ఆ సంవత్సరముననే అమెరికాలో దూరదూరముల నున్న కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు ఆర్పానెట్ ప్రారంభమయ్యెను. నేటి ఇంటర్నెట్టునకు అదియే మూలము. అచ్చట వల అల్లుచుండగా, ఇచ్చట మనవారు ఆ వలలో చేరదగిన యంత్రమును చేయుట నేర్చుకొనుచుండిరి.

ప్రభుత్వము వారికి 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ బిరుదముల నొసగెను. 2003లో వారు పరమపదించిరి. హైదరాబాదులోని ఎ.యస్.రావు నగరము వారి పేరు వహించియున్నది.

బాలబాలికలారా! నేడు కంప్యూటరును వాడుట ఎల్లరకును సులభమే. అది లోపల ఎట్లు పనిచేయునో తెలిసికొని, మఱియొకటి నిర్మింపగలవారే దేశమునకు బలము. సాంబశివరావుగారి జీవితము మనకు బోధించు పాఠ మిదియే.