గెలిచిన నేలను నిలుపుకున్న గణపతిదేవుడు

శంషాబాద్ విమానాశ్రయం పక్కన పెరుగుతున్న మన పిల్లలకు కస్టమ్స్ అనే మాట కొత్త కాదు. బయటి దేశం నుంచి వచ్చిన సరుకు మీద ఎంత సుంకం కట్టాలో ముందే నిర్ణయించి ఉంటుంది. ఇలాంటి కట్టుబాటును దాదాపు 780 ఏళ్ల క్రితం రాతి మీద చెక్కించిన రాజు కాకతీయ గణపతిదేవుడు.

ఆయన జీవితం ఓటమితోనే మొదలైంది. దేవగిరి యాదవులతో జరిగిన పోరులో పెదనాన్న రుద్రదేవుడు, ఆ తర్వాత తండ్రి మహాదేవుడు చనిపోయారు. గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. ఆ గడ్డు కాలంలో రాజ్యం చెదిరిపోకుండా సేనాని రేచర్ల రుద్రుడు కాపాడాడు. 1199లో విడుదలై వచ్చిన గణపతిదేవుడు ఓరుగల్లు గద్దెనెక్కి, 1262 వరకు పాలించాడు. రాజ్యం నిలవాలంటే నమ్మకమైన మనుషులు కావాలని ఆయన చిన్న వయసులోనే కళ్లారా చూశాడు.

అప్పట్లో కృష్ణా తీరం వెలనాటి చోడుల ఏలుబడిలో ఉండేది. వారి బలం సన్నగిల్లుతున్న వేళ, 1201 ప్రాంతంలో గణపతిదేవుడు బెజవాడను పట్టుకుని దివిసీమ మీదికి నడిచాడు. అక్కడి అయ్య వంశపు నాయకులు లొంగిపోయారు. ఆయన వారిని తరిమేయలేదు. ఆ ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. వారి సోదరుడు జాయపను కొలువులోకి తీసుకుని గజసైన్యానికి అధిపతిని చేశాడు. ఓడిన ఇంటి బిడ్డ జాయప సేనాని అయ్యాడు. నృత్తరత్నావళి రాసింది కూడా ఆయనే.

కూతుళ్ల పెళ్లిళ్లలోనూ ఇదే ఆలోచన. గణపాంబను ధరణికోట పాలకుడు కోట బేతరాజుకు, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చాడు. అలా తీరంలోని రాజవంశాలు చుట్టాలయ్యాయి. ఆ ఆడపిల్లల ఇష్టాన్ని ఎవరైనా అడిగారో లేదో శాసనాలు చెప్పవు. రాజ్యాల కథ చదివేటప్పుడు ఈ ప్రశ్న కూడా మనం అడగాలి.

చుట్టరికం నాయకులను కట్టిపడేస్తుంది. మరి వర్తకుల సంగతి? అంతకుముందు ఓడ తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజులు లాక్కునేవారు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. నిర్ణీత సుంకం తప్ప మిగతాది సొంతదారుకే దక్కుతుందని, ఎగుమతి దిగుమతుల మీద 30కి ఒక వంతు మాత్రమే తీసుకుంటామని అందులో ఉంది. భయం పోతే ఓడలు వస్తాయి, ఓడలు వస్తే ఖజానా నిండుతుంది. ఇటు రైతు కోసం చెరువులు తవ్వించారు. ఆయన సామంతులు, అధికారుల కుటుంబాలే కట్టించిన రామప్ప, పాఖాల చెరువుల కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి.

అన్నీ గెలుపులే కావు. చివరి దశలో పాండ్యులు దండెత్తి కంచి, నెల్లూరు ప్రాంతాలను లాక్కున్నారు. అయినా అధికారం కూతురు రుద్రమదేవి చేతికి అందింది. తెలుగు నేలను ఒక ఆడబిడ్డ ఏలింది.

మన తల్లులు సమ్మక్క సారలమ్మల కథ ఇదే వంశపు చివరి రాజు ప్రతాపరుద్రుడి కాలానిదని పెద్దలు చెబుతారు. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి ఓరుగల్లు సేన వచ్చిందని ఆ కథ. తీరంలో ఓడిన నాయకుడికి పదవి దొరికింది, ఓడ పగిలిన వర్తకుడికి అభయం దొరికింది. అడవి బిడ్డకు మాత్రం ఆ అభయం దొరకలేదన్నది మేడారం గద్దెలు మోస్తున్న జ్ఞాపకం. శాసనాలు రాజుల మాట చెబుతాయి. మన మాట మన పాటల్లో, జాతరల్లో ఉంది. గణపతిదేవుడి తెలివిని నేర్చుకోండి. దానితోపాటు, ఏ పాలన గురించి చదివినా అందులో మన వాటా ఎంత అని అడగడం మరవకండి.