ఫిరదౌసి: రాక్షస భయము, మానవ భయము

పారశీక మహాకవి ఫిరదౌసి సుమారు క్రీ.శ. 940లో ఖురాసాన్ ప్రాంతపు తూస్ సమీపాన ఒక భూస్వామి కుటుంబంలో జన్మించాడు. మాలో ఉర్దూ చదివిన వారికి ఆయన పేరు కొత్త కాదు. తెలుగు చదివిన వారికి జాషువా కావ్యం ద్వారా పరిచితమే. అయితే షాహ్‌నామా అనగానే పలువురికి స్ఫురించునవి రాక్షసులతో రుస్తుం సాగించిన పోరాటములు. ఆ గ్రంథంలో అంతకంటె భయంకరులు మనుష్యులేనని మా అభిప్రాయం.

ఆ కావ్యం పుట్టుకలోనే ఒక హత్య ఉన్నది. ఇరాన్ రాజుల చరిత్రను పద్యాలలో ప్రారంభించిన దఖీఖీ సుమారు వెయ్యి ద్విపదలు వ్రాసి, తన బానిస చేతిలో మరణించాడు. ఆ పనిని చేపట్టిన ఫిరదౌసి ముప్పది సంవత్సరములకు పైగా శ్రమించి, 1010లో దాదాపు 50,000 ద్విపదలతో పూర్తిచేశాడు. నడుమ, తన 65వ ఏట, 37 ఏండ్ల కుమారుని పోగొట్టుకొన్నాడు. ఆ దుఃఖాన్ని కావ్యంలోనే చెప్పుకొన్నాడు.

భుజములపై పాములు మొలిచిన జహ్హాక్ కూడ పుట్టుకచే మనుష్యుడే. పాములు మొలువక ముందే తండ్రి హత్యకు సమ్మతించాడు. ఇక కైకావూస్ రాజు దురాశకొద్దీ మాజందరాన్‌పై దండెత్తి, శ్వేతరాక్షసుని మంత్రశక్తిచే సైన్యంతో సహా అంధుడైనాడు. రాక్షసుడు తన చోట తానున్నవాడే! రుస్తుం ఏడు గండములు దాటి, వానిని చంపి, వాని కాలేయపు రక్తంతో రాజుకు చూపు తెప్పించాడు. తరువాత, ఒకరినొకరు ఎరుగని తండ్రీకొడుకుల యుద్ధంలో సోహ్రాబ్ తండ్రి చేతనే గాయపడ్డాడు. రాజభాండారంలోని దివ్యౌషధం కోసం రుస్తుం కబురు పంపగా, కైకావూస్ ఇవ్వలేదు. ఆ ఇద్దరూ కలిసినచో తన సింహాసనం నిలువదని అతని భయం. తనకు చూపునిచ్చినవాని కుమారుడన్న తలపైనా రాలేదు. ఈ ఘట్టం చదివినప్పుడెల్ల శ్వేతరాక్షసుడే మేలని మాకు తోచును. రుస్తుం కడకు చనిపోయినది కూడ సవతి తమ్ముడు షఘాద్ ఈటెలు పాతి కప్పించిన గోతిలోనే.

గజనీ మహమూద్ బంగారానికి బదులు కవికి వెండి ఇచ్చెనన్న గాథను చరిత్రకారులందరు అంగీకరింపరు. 12వ శతాబ్దిలో నిజామీ అరూజీ చెప్పిన ప్రకారం, సుల్తాన్ పశ్చాత్తాపపడి 60,000 దీనార్ల విలువగల నీలిమందు పంపగా, అది తూస్ నగరపు ఒక ద్వారమున ప్రవేశించు వేళకు మరొక ద్వారమున కవి శవం వెలుపలికి పోవుచున్నది. ఒక మతపెద్ద శ్మశానంలో చోటు నిరాకరించినందున సొంత తోటలోనే ఖననం చేశారు. తూస్‌లోని ఆయన సమాధిపై 1934లో స్మారక భవనం వెలసింది. సుల్తాన్ సొమ్మును కవి కుమార్తె స్వీకరించలేదు. దానితో నైషాపూర్, మర్వ్ నగరాల మధ్య దారిలో ఒక బాటసారుల సత్రమును బాగుచేయించారట.