నాలుగు వందల యాభై డాలర్ల బేరం
(ఆరేటర్ వుడ్‌వర్డ్ జీవిత విశేషాలు)

ఈ ప్రత్యేక సంచికలో పరిశ్రమలు నెలకొల్పినవారి గురించి రాయాలనుకున్నప్పుడు ఉక్కు, నూలు, సిమెంటు అధిపతులే ముందుగా గుర్తుకు వస్తారు. కాని ఒక చిన్న ఊరికి అరవై ఏళ్ళకు పైగా కూడు పెట్టిన జెల్లీ ఫ్యాక్టరీ కథ మన సభ్యులకు మరింత దగ్గరగా తోస్తుందని నా నమ్మకం.

ఆ ఊరు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు పడమటి భాగంలోని లెరాయ్. ఆరేటర్ ఫ్రాన్సిస్ వుడ్‌వర్డ్ 1856లో ఆ దగ్గరలోనే జన్మించి, పసితనంలోనే లెరాయ్ చేరారు. ఆరేటర్ అంటే వక్త. ఈయన ఉపన్యాసాలతో పేరు తెచ్చుకోలేదు గాని, సరుకు గురించి పదిమంది చేత మాట్లాడించడంలో మాత్రం దిట్ట. చిన్న వయసులోనే వ్యాపారంలో దిగారు. కోళ్ళ గూళ్ళలో పెట్టే కృత్రిమ గుడ్లు ఆయన తొలి సరుకుల్లో ఒకటి. పొదిగే కోళ్ళకు పట్టే పేలను అవి చంపుతాయని ప్రచారం! తరువాత దగ్గు మందులు, ఆనెకాయల పట్టీలు అమ్మారు. 1897లో జెనెసీ ప్యూర్ ఫుడ్ కంపెనీ పెట్టి, కాఫీకి బదులు తాగే గ్రెయిన్-ఓ అనే వేయించిన ధాన్యపు పొడిని బజారులోకి తెచ్చారు.

అదే సంవత్సరం అదే ఊళ్ళో పెర్ల్ వెయిట్ అనే వడ్రంగి జిలాటిన్ పొడిలో పంచదార, పండ్ల రుచులు కలిపాడు. అతని భార్య మే దానికి జెల్-ఓ అని పేరు పెట్టింది. జిలాటిన్ జంతువుల ఎముకల నుంచి, తోళ్ళ నుంచి తీసేది కనుక మనలో శాకాహారులకు పనికిరాదు. అక్కడి గృహిణులకు మాత్రం అది వరమే. అంతకు ముందు ఇంట్లో జెల్లీ చేయాలంటే ఎముకలు గంటల తరబడి ఉడికించి, తెట్టు తీసి, వడకట్టాలి. ఈ పొడిని వేడినీళ్ళలో కలిపి చల్లారనిస్తే చాలు. పీటర్ కూపర్ 1845లోనే జిలాటిన్ పొడికి పేటెంటు పొందినా, ఆయన దాన్ని పెద్దగా జనంలోకి తీసుకుపోలేదు.

వెయిట్ దగ్గర సరుకుంది, అమ్మే పెట్టుబడి లేదు. 1899లో 450 డాలర్లకు పేరుతో సహా హక్కులన్నీ వుడ్‌వర్డ్‌కు ఇచ్చేశాడు. దీన్ని మోసమనేవారు ఉన్నారు. నేను అనను. కొన్నాయన చేతిలోనూ సరుకు కదలలేదు. విసిగిపోయి, గుట్టలుగా పడి ఉన్న పెట్టెలు చూసి, తన దగ్గర పనిచేసే సూపరింటెండెంటుకు 35 డాలర్లకే వ్యాపారమంతా ఇస్తానన్నారనీ, ఆయన వద్దన్నారనీ లెరాయ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పుడు వుడ్‌వర్డ్ పద్ధతి మార్చారు. శుభ్రంగా దుస్తులు వేసుకున్న సేల్స్‌మెన్‌ను గుర్రపు బళ్ళ మీద ఊరూరా, సంతలకూ, చర్చి విందులకూ పంపారు. మహిళా పత్రికల్లో ప్రకటనలు వేశారు. వంటల పుస్తకాలు ఉచితంగా పంచారు. 1902లో అమ్మకాలు 2,50,000 డాలర్లు, 1906 నాటికి దాదాపు 10 లక్షలు. ఆ 1906లోనే, యాభై నిండకుండానే ఆయన కన్నుమూశారు. సంస్థ భార్య కోరా, పిల్లల చేతికి వచ్చింది. వెయిట్ 1915లో మరణించాడు. ఆ సంపదలో అతనికి దక్కినది ఆ 450 డాలర్లే.

1925లో కంపెనీ పోస్టమ్ సంస్థలో కలిసింది. అదే తరువాత జనరల్ ఫుడ్స్ అయింది. యాజమాన్యం ఊరు దాటినా పని ఊళ్ళోనే సాగింది. ఒకే ఇంటి నుంచి తండ్రీ కొడుకులు అదే గేటులోంచి వెళ్ళిన రోజులవి. 1964లో ఉత్పత్తిని డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌కు తరలించి లెరాయ్ ఫ్యాక్టరీని మూసివేశారు. లాకౌట్ నోటీసు చూసినవారికి ఆ ఊరి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు. 1997లో స్థానిక చరిత్ర సంఘంవారు అక్కడే జెల్-ఓ మ్యూజియం తెరిచారు. వుడ్‌వర్డ్ కుటుంబం పేరిట ఊళ్ళో ఒక గ్రంథాలయం కూడా ఉంది.