స్కాట్లండు రాణి మేరీ

ఇంగ్లండునకు ఉత్తరమున స్కాట్లండను కొండల దేశము కలదు. నేడు ఆ రెండును ఒకే రాజ్యమున చేరియున్నవి గాని, పదునాఱవ శతాబ్దమున అవి వేఱు వేఱు రాజ్యములు, నిరంతరము కలహించుచుండెడివి. 1542వ సంవత్సరము నవంబరు నెలలో సాల్వే మాస్ అను చోట స్కాట్లండు సేన ఆంగ్లేయుల చేతిలో ఓడిపోయెను. ఆ పరాభవముచే క్రుంగి, స్కాట్లండు రాజగు ఐదవ జేమ్సు మంచము పట్టెను. డిసెంబరు 8వ తేదీని లిన్‌లిత్‌గో నగరునందు అతని రాణికి ఆడశిశువు కలిగెను. ఈ వార్త రాజునకు ఊరట కలిగింపలేదు. ఆఱు దినములలో అతడు కన్నుమూసెను. ఇట్లు మేరీ పొత్తిళ్లలో నుండగనే రాణి యయ్యెను. తొమ్మిది నెలల ప్రాయమున, 1543 సెప్టెంబరు 9వ తేదీని, స్టర్లింగు కోటలో ఆమెకు పట్టాభిషేకము చేసిరి. ఆ పసికందు తలకు కిరీటము బరువేమి తెలియును?

ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ తన కుమారుడైన ఎడ్వర్డునకు ఈ శిశువు నిచ్చి వివాహము చేయవలెనని కోరెను. ఒడంబడిక వ్రాసికొనిరి గాని, స్కాట్లండు ప్రభువులు కొలది మాసములకే దానిని త్రోసిపుచ్చిరి. హెన్రీ కోపించి 1544లో సేనలను పంపి ఎడింబరో నగరమును తగులబెట్టించెను. పిల్లను అడుగవచ్చినవారు ఊళ్లు కాల్చుట ఎట్టి వియ్యమో విద్యార్థులే ఊహింపవచ్చును. మేరీ తల్లి ఫ్రాన్సు దేశపు ఆడపడుచు. ఆమె బిడ్డ క్షేమము కోరి, 1548లో ఐదేండ్ల రాణిని ఓడ యెక్కించి తన పుట్టింటి దేశమునకు పంపెను. మేరీ అను పేరే గల నలుగురు బాలికలు చెలికత్తెలుగా వెంట నేగిరి.

ఫ్రాన్సు రాజాస్థానమున మేరీ పదుమూడేండ్లు పెరిగెను. ఫ్రెంచి, లాటిను, ఇటాలియను భాషలను నేర్చెను; వీణ వంటి ల్యూటు వాద్యమును వాయించెను; గుఱ్ఱపు స్వారియందును, కుట్టుపనియందును ప్రావీణ్యము సంపాదించెను. 1558 ఏప్రిలు 24వ తేదీని పారిసులోని నోటర్‌డాం దేవాలయమున యువరాజు ఫ్రాన్సిసుతో ఆమెకు వివాహ మయ్యెను. మఱుసటి యేడు మామగారు పందెపు పోరున గాయపడి మరణింపగా, ఆమె ఫ్రాన్సునకు కూడ రాణి యయ్యెను. ఆ సౌభాగ్యము పదునెనిమిది మాసములైనను నిలువలేదు. 1560 జూనులో తల్లి పోయెను; డిసెంబరులో చెవిపోటు ముదిరి భర్త పోయెను. పదునెనిమిదేండ్లు నిండకమున్నే ఆమె వితంతువై, 1561 ఆగస్టు 19వ తేదీని పొగమంచు క్రమ్మిన లీత్ రేవున దిగి, తాను మఱచిపోయిన స్వదేశమున అడుగిడెను.

అప్పటికి ఆ దేశము మాఱిపోయినది. మేరీ రోమను కాథలికు మతస్థురాలు. ప్రజలలో ప్రముఖులు ప్రొటెస్టెంటు మతమును స్వీకరించి, 1560లో సభ చేసి దానినే దేశమతముగా శాసించియుండిరి. జాన్ నాక్స్ అను బోధకుడు రాణి మతమును వేదికపై నుండి తీవ్రముగా ఖండించుచుండెను. రాణి అతనిని పిలిపించి పలుమాఱులు వాదించెను గాని, అతని నోరు కట్టలేదు. తన మతమును తాను అనుసరించుచు, ప్రజల మతమును కదలింపక ఆమె నాలుగేండ్లు ఓర్పుతో రాజ్య మేలెను. మతము పేర మనుష్యులను కాల్చుచుండిన ఆ కాలమున ఇది చిన్న విషయము కాదు.

ఆమెను చెఱచినది రెండవ వివాహము. మన విజయనగర సామ్రాజ్యము రక్కసి-తంగడి యుద్ధమున కూలిన 1565వ సంవత్సరముననే, జూలై 29వ తేదీని, మేరీ తన బంధువగు డార్న్‌లీ ప్రభువును పెండ్లాడెను. అతడు పొడవరి, అందగాడు. కాని గర్వి, త్రాగుబోతు, నిలుకడలేనివాడు. పట్టుమని పది మాసములు గడువకమున్నే అతడు రాణి కార్యదర్శియగు రిజియో అను ఇటలీ దేశస్థునిపై అసూయ పెంచుకొని, కొందఱు ప్రభువులతో కుట్ర పన్నెను. 1566 మార్చి 9వ తేదీ రాత్రి హోలీరూడ్ నగరులోని చిన్న గదిలో రాణి భోజనము చేయుచుండగా, వారు చాటుమెట్ల దారిని లోపలికి చొచ్చి, ఆమె కొంగు పట్టుకొని మొఱవెట్టుచున్న రిజియోను ఈడ్చుకొనిపోయి పొడిచి చంపిరి. రాణి అప్పుడు ఆఱు నెలల గర్భవతి. అట్టి స్థితిలోను ఆమె ధైర్యము కోల్పోక, రెండు దినములలో భర్తను బుజ్జగించి తన వైపునకు త్రిప్పుకొని, అర్ధరాత్రి అతనితోనే గుఱ్ఱముపై తప్పించుకొని డన్‌బార్ కోట చేరెను. జూను 19వ తేదీని ఆమెకు కుమారుడు కలిగెను. అతనికి జేమ్సు అని పేరిడిరి.

1567 ఫిబ్రవరి 10వ తేదీ తెల్లవారుజామున, ఎడింబరో చెంత డార్న్‌లీ జబ్బుతో విడిసియుండిన యిల్లు తుపాకిమందుతో పేలిపోయెను. అతని శవము ఇంటిలో కాక, బయటి తోటలో, ఒంటిపై కాలిన గుర్తు లేకుండ కనబడెను. బాత్‌వెల్ ప్రభువే హంతకుడని నగరమంతయు చెప్పుకొనిరి. న్యాయసభ అతనిని నిర్దోషి యనెను. పిదప అతడు రాణిని బలవంతముగా తన కోటకు కొనిపోయెను. మే 15వ తేదీని ఆమె అతనినే పెండ్లాడెను! భయము చేతనో, నిస్సహాయత చేతనో, ఇష్టము చేతనో చరిత్రకారులు నేటికిని తేల్చుకొనలేకున్నారు. కారణ మేదైనను, భర్తను చంపినవానిని చేపట్టిన రాణిని ప్రజలు మన్నింపలేదు. ప్రభువులు తిరుగబడి ఆమెను లాక్‌లీవెన్ సరస్సు నడుమనున్న కోటలో బంధించి, జూలై 24వ తేదీని రాజ్యత్యాగపత్రముపై సంతకము చేయించిరి. పదుమూడు నెలల జేమ్సు రాజయ్యెను. తల్లి మఱల కుమారుని చూడనే లేదు.

ఆ కోటలో విల్లీ డగ్లసను కుఱ్ఱవాడు పనిచేయుచుండెను. 1568 మే 2వ తేదీ సాయంకాలము అతడు కోట తాళపుచెవులను మెల్లగా దొంగిలించి, దాసి వేషమున నున్న రాణిని ద్వారము దాటించి, వెలుపలి నుండి తాళము వేసి, పడవ నెక్కించి గట్టు చేర్చెను. చెవులను సరస్సులోనికి విసరివైచెను. రాణి పక్షమున వేలాది జనులు చేరిరి గాని, పదునొకండు దినములలోనే లాంగ్‌సైడ్ యుద్ధమున ఆమె సేన చెదరిపోయెను. ఫ్రాన్సునకు పోవలసినదని హితులు ప్రార్థించిరి. వినక, మే 16వ తేదీని చేపల పడవలో సాల్వే అఖాతము దాటి, అక్కగా భావించిన ఎలిజబెత్తు రాణి శరణు కోరి ఇంగ్లండు చేరెను. ఆమె జీవితములోని తప్పులలో దీనికి మించినది లేదు.

ఎలిజబెత్తునకు ఈ యతిథి పెద్ద చిక్కు. మేరీ ఇంగ్లండు రాజగు ఏడవ హెన్రీకి మునిమనుమరాలు. ఎలిజబెత్తు జన్మను అంగీకరింపని కాథలికులు మేరీనే నిజమైన రాణిగా తలచిరి. విడిచినచో ముప్పు, ఉంచుకొన్నను ముప్పు. అందుచే శరణార్థిని ఖైదీ యయ్యెను. డార్న్‌లీ హత్యను గూర్చి విచారణ జరిపిరి. వెండిపెట్టెలో దొరకినవని ప్రభువులు కొన్ని జాబులు చూపిరి. అసలు ప్రతులు తరువాత మాయమగుటచే వాని సత్యాసత్యములను తేల్చుట నేడు సాధ్యము కాదు. విచారణ తీర్పు లేకుండగనే ముగిసెను. చెఱ మాత్రము ముగియలేదు.

కోట నుండి కోటకు త్రిప్పబడుచు మేరీ పందొమ్మిది యేండ్లకు కొంచెము తక్కువగా నిర్బంధమున గడపెను. చెమ్మ గోడలు ఆమె కీళ్లను పట్టివేసెను. పగలెల్ల పట్టుదారములతో పక్షులను, మృగములను కుట్టుచుండెను. రహస్యలిపిలో ఉత్తరములు వ్రాయుచుండెను. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమున ఊరు పేరు లేక పడియుండిన ఏబదికి పైగా నిట్టి ఉత్తరములను ముగ్గురు పరిశోధకులు చదివి 2023లో వెల్లడించిరి.

ఆ రహస్యలిపియే కడకు ఆమె కొంప ముంచెను. 1586లో చార్ట్‌లీ భవనమున నుండగా, బీరుపీపాలలో దాచి జాబులు పంపు మార్గ మొకటి ఆమెకు దొరకెను. అది ఎలిజబెత్తు మంత్రియగు వాల్సింగ్‌హాం పన్నిన వల. ప్రతి జాబును అతని మనుష్యుడు విప్పి, అర్థము వ్రాసికొని, మఱల మూసి పంపుచుండెను. ఆంథొనీ బాబింగ్టనను యువకుడు ఎలిజబెత్తును చంపి మేరీని విడిపింతునని వ్రాసెను. జూలై 17వ తేదీని మేరీ దానికి ప్రత్యుత్తరము పంపెను. అంతతో వల బిగిసెను. అక్టోబరులో ఫాదరింగే కోటయందు విచారణ జరిగెను. న్యాయవాది లేడు, తన కాగితములు తనకు లేవు. తాను స్వతంత్ర రాణి యగుటచే పరదేశ న్యాయసభకు లోబడనని ఆమె వాదించెను. న్యాయమూర్తులు దోషి యనిరి.

ఎలిజబెత్తు నెలల తరబడి సందేహించి, 1587 ఫిబ్రవరి 1వ తేదీని మరణాజ్ఞపై సంతకము చేసెను. మంత్రులు ఆమెకు చెప్పకయే దానిని పంపివేసిరి. 7వ తేదీ సాయంకాలము ఆ వార్త మేరీకి తెలిపిరి. ఆ రాత్రి ఆమె నిద్రింపలేదు. ఉన్న కొలది వస్తువులను పరిజనులకు పంచిపెట్టి, ఫ్రాన్సు రాజగు తన మఱదికి జాబు వ్రాసి, తన సేవకులకు రావలసిన జీతములు చెల్లింపవలసినదని అందు వేడుకొనెను. ఉదయము నల్లని వస్త్రములతో సభాశాల ప్రవేశించెను. పై వస్త్రము తొలగింపగా లోన ఎఱ్ఱని దుస్తులుండెను. ఆమె కనులలో నీరు లేదు. అంతయు ముగిసిన పిదప ఆమె బట్టలలో నుండి పెంపుడు కుక్కపిల్ల యొకటి బయటపడి, ఆమెను విడిచి పోనొల్లకుండెను. అప్పటి కామె వయస్సు నలుబది నాలుగేండ్లు.

1603లో ఎలిజబెత్తు సంతానము లేక మరణింపగా, మేరీ కుమారుడు జేమ్సే ఇంగ్లండు సింహాసనము నెక్కెను. 1612లో అతడు తల్లి యస్థికలను పీటర్‌బరో నుండి లండనులోని వెస్ట్‌మినిస్టర్ దేవాలయమునకు తెప్పించి, పాలఱాతి సమాధి కట్టించెను. ఏడవ హెన్రీ కట్టించిన మందిరమున ఒక ప్రక్క ఎలిజబెత్తు సమాధియు, వేఱొక ప్రక్క మేరీ సమాధియు కలవు. జీవించియున్నంత కాలము ఆ యిరువురును ఒకరి ముఖము నొకరు చూచియుండలేదు.