వెట్టి పిల్లవాడి గోడుకు వెండితెర వెలుగు
పాటతో పల్లెలను మేల్కొలిపిన సుద్దాల హనుమంతు

ఆత్మకూర్(ఎం): పాఠశాల వార్షికోత్సవమైనా, కళాజాత అయినా, ధూంధాం వేదికైనా ‘పల్లెటూరి పిల్లగాడ’ పాట అందుకుంటే చాలు, సభ ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. పాట తెలియని వారు అరుదు. రాసిందెవరని అడిగితే మాత్రం పలువురు జానపదమని చెప్పి ఊరుకుంటారు. ఆ పాటను కట్టిన సుద్దాల హనుమంతు మనకు పొరుగువారే.

పూర్వపు రామన్నపేట తాలూకా పాలడుగులో గత శతాబ్ది తొలినాళ్లలో ఒక చేనేత కుటుంబంలో ఆయన జన్మించారు. గుండాల మండలం సుద్దాలలో స్థిరపడటంతో ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది. యువకుడిగా హైదరాబాద్ వెళ్లి కొంతకాలం ప్రభుత్వ కొలువు చేశారు. ఆర్యసమాజ భావాలు ఆయనను ఆకట్టుకున్నాయి. కొలువు వదిలి ఊరు చేరాక ఆంధ్ర మహాసభ ఆయన కార్యక్షేత్రమైంది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన మహాసభ ఈ ప్రాంత యువకులెందరినో ఉద్యమ బాట పట్టించింది. హనుమంతు వారిలో ఒకరు.

అవి విసునూరు దేశ్‌ముఖ్ పేరు వింటేనే పల్లెలు వణికిన రోజులు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక సాయుధ పోరాటం రగులుకొంది. చదువు రాని జనానికి కరపత్రం పంచితే ఏం ప్రయోజనం? ఈ సంగతి హనుమంతుకు బాగా తెలుసు. అందుకే జనం ఎరిగిన కళారూపాలనే ఎంచుకున్నారు. భుజాన గొంగడి, చేత కర్రతో కాటమరాజు కథలు చెప్పే గొల్లసుద్దుల్లోకి దొరల దౌర్జన్యాలను, నిజాం పాలనను తెచ్చారు. బుర్రకథ చెప్పారు. ‘వీర తెలంగాణ’ యక్షగానం రచించారు. నవ్విస్తూనే నిలదీసే ఆ సుద్దులు రైతుకూలీలను సంఘం వైపు నడిపించాయి. పాట కట్టినవారికీ, పాడినవారికీ ప్రాణభయం తప్పని కాలమది.

‘పల్లెటూరి పిల్లగాడ’లో ఆవేశపూరిత నినాదాలు కానరావు. దొర పశువులు కాసే ఒక బాలుడి చిరిగిన అంగీని, తాటి జగ్గల చెప్పులను, వాడి ఆకలిని ఒక పెద్దమనసు దగ్గర కూర్చుని పరామర్శిస్తున్నట్లు పాట సాగుతుంది. అప్పు కింద పిల్లలను జీతానికి పెట్టిన తల్లిదండ్రులకు అది తమ ఇంటి గోడే. కోపం రగిలించే పాటలు ఉద్యమంలో చాలానే వచ్చాయి. ఇంతగా కంటతడి పెట్టించినవి కొన్నే.

ఉద్యమం 1951లో ముగిసినా పాట జనం నాలుకపై మిగిలింది. 1979లో గౌతం ఘోష్ దర్శకత్వంలో, బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్‌ల నిర్మాణంలో రూపుదిద్దుకున్న ‘మాభూమి’ చిత్రం దానిని తెరకెక్కించింది. వింజమూరి సీతాదేవి సంగీతం అందించిన ఆ చిత్రంలోనే బండి యాదగిరి రచించిన ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ పాడారు. సినిమా పుణ్యమా అని రెండు పాటలూ తెలంగాణ హద్దులు దాటాయి. మలిదశ తెలంగాణ ఉద్యమంలో మళ్లీ ఊరూరా మోగాయి. గొంతులు మారాయి, వాయిద్యాలు మారాయి, వరుస మాత్రం అదే.

తన పాట వెండితెరకెక్కిన కొన్నేళ్లకే, 1982 అక్టోబరు 10న హనుమంతు క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన రచనల్లో అధిక భాగం పాడుకున్నవే తప్ప అచ్చయినవి కావు. పాడినవారి జ్ఞాపకాల నుంచి వాటిని ఏరి గ్రంథస్థం చేయడానికి పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు వంటివారు పూనుకోకుంటే ఎన్ని పాటలు ఆ తరంతోనే మట్టిలో కలిసిపోయేవో!

హనుమంతు, జానకమ్మల కుమారుడు అశోక్‌తేజ కూడా ఊరి పేరుతోనే సినీరంగంలో ప్రవేశించారు. 2003లో విడుదలైన ‘ఠాగూర్’ చిత్ర గీతానికి ఉత్తమ గేయ రచయితగా జాతీయ పురస్కారం అందుకున్నారు.