కలం పట్టిన చెయ్యి: షోయబుల్లాఖాన్ జీవితం

మధిర స్టేషన్‌లో కాజీపేట వైపు పోయే బండి ఎక్కితే బోనకల్, ఖమ్మం, డోర్నకల్, గార్ల దాటాక మహబూబాబాద్ వస్తుంది. మనవాళ్లకు అది మానుకోట. ఆ తాలూకాలోని సుబ్రవేడులో 1920 అక్టోబర్ 17న షోయబుల్లాఖాన్ పుట్టారు. అంటే ఆయన ఎక్కడో దూరపు మనిషి కాదు, మన రైలు దారి పక్కనే పుట్టిన బిడ్డ. అయినా మన ఇళ్లలో పిల్లల్ని పిలిచి ఆయన ఎవరని అడిగితే ఎందరు చెప్పగలరు?

తండ్రి హబీబుల్లాఖాన్ పోలీసు శాఖలో ఉద్యోగి. ఉన్నంతలో కొడుకును బాగా చదివించారు. షోయబ్ ఉస్మానియాలో డిగ్రీ చేశారు. ఆ రోజుల్లో ఉర్దూ వచ్చిన ముస్లిం కుర్రాడికి డిగ్రీ ఉంటే నిజాం సర్కారులో కొలువు దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. ఆయన మాత్రం జీతం తక్కువ, ప్రమాదం ఎక్కువ ఉన్న అఖ్బారు పనిలోకి వెళ్లారు. ముందు తేజ్ అనే పత్రికలో రాశారు. తర్వాత మందుముల నరసింగరావు గారు నడిపిన రయ్యత్‌లో చేరారు. రయ్యత్ కూడా ఉర్దూ పత్రికే. హిందువు నడిపే పత్రిక, అందులో ముస్లిం పాత్రికేయుడు, భాష ఉర్దూ, రాసేది రైతు కష్టాల గురించి. అప్పటి హైదరాబాద్‌లో అలాంటి బతుకూ ఉండేది. ఈ మాట మనం మరిచిపోకూడదు.

ఆ కాలంలో వతన్ అంటే ఏమిటనే దాని మీద పెద్ద తగువు నడుస్తోంది. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వాదన ప్రకారం హైదరాబాద్ రాజ్యాధికారం ముస్లింలది, నిజాం దానికి గుర్తు. 1944లో బహదూర్ యార్ జంగ్ చనిపోయారు. తర్వాత కొన్నేళ్లకు పార్టీ లాతూరు వకీలు కాశిం రజ్వీ చేతికి వచ్చింది. అక్కడి నుంచి రజాకార్ల జోరు పెరిగింది. ఇంకోవైపు హిందూ మహాసభ వాళ్లది ఈ దేశం హిందువుల దేశమనే వాదం. ఒకరు ముస్లిం కానివాళ్లను ప్రజలుగా లెక్కపెట్టలేదు, ఇంకొకరు ముస్లింలను సొంతవాళ్లుగా లెక్కపెట్టలేదు. పైకి బద్ధ శత్రువులే గానీ, మతాన్ని బట్టే దేశం అన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే లెక్క.

ఈ రెండూ కాని దారి కూడా ఉంది. దేవ్‌బంద్ ఆలిమ్ మౌలానా హుస్సేన్ అహ్మద్ మదనీ 1938లో ముత్తహిదా ఖౌమియత్ మీద పుస్తకమే రాశారు. వేర్వేరు మతాలవాళ్లు ఒకే నేల మీద ఒక ఖౌమ్‌గా బతకొచ్చు, అది దీన్‌కు అడ్డం కాదని ఆయన వాదన. మౌలానా ఆజాద్‌దీ అదే దారి. షోయబ్ నిలబడింది ఈ దారిలోనే.

1947 జూన్‌లో నిజాం, బ్రిటిష్‌వాళ్లు పోయాక తన రాజ్యం స్వతంత్రంగా ఉంటుందని ఫర్మానా ఇచ్చారు. ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ ఇండియాలో కలవాలని రాజ్యమంతా ఉద్యమం మొదలుపెట్టింది. మన మధిర పక్కనే ఎర్రుపాలెంకు చెందిన జమలాపురం కేశవరావు గారి లాంటివాళ్లు జైళ్లకు వెళ్లారు. మధిర దాటితే కృష్ణా జిల్లా, అంటే యూనియన్ ప్రాంతం. సరిహద్దు పల్లెల్లో ఎప్పుడేం జరుగుతుందో తెలియని భయం ఉండేది.

సర్కారు రయ్యత్‌ను మూయించింది. షోయబ్ ఊరుకోలేదు. ఇంట్లో ఆడవాళ్ల నగలు అమ్మి, బూర్గుల రామకృష్ణారావు గారి లాంటి పెద్దల సాయంతో సొంత పత్రిక పెట్టారు. పేరు ఇమ్రోజ్, అంటే ఈ రోజు. మొదటి సంచిక 1947 నవంబర్ 15న వచ్చింది. రజాకార్లు ఊళ్ల మీద పడి చేస్తున్న దౌర్జన్యాలను ఉర్దూలోనే, ముస్లింలు చదివే భాషలోనే రాశారు. ఇదే రజ్వీ మనుషులకు ఎక్కువ మంట పుట్టించింది. బయటివాడు తిడితే శత్రువని తోసేయొచ్చు. ఇంటివాడు తప్పు చూపిస్తే జవాబు చెప్పాలి కదా! బెదిరింపులు వచ్చినా ఆయన కలం ఆగలేదు.

1948 ఆగస్టులో బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్ సహా ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన చేశారు. రజాకార్లను రద్దు చేయాలి, హైదరాబాద్ ఇండియాలో కలవాలి అన్నది దాని సారాంశం. దాన్ని ఇమ్రోజ్ అచ్చేసింది. ఆగస్టు 19న జమరుద్ మహల్ సభలో రజ్వీ, తమకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడాలని హెచ్చరించాడు.

మూడో రోజు రాత్రి అదే జరిగింది. ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక షోయబ్, బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కాచిగూడలోని ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వస్తున్నారు. చప్పల్ బజార్ దగ్గర దుండగులు తుపాకీతో కాల్చారు. కింద పడ్డాక రాసే చెయ్యి నరికేశారు. అడ్డం వచ్చిన ఇస్మాయిల్ చెయ్యి కూడా పోయింది, ప్రాణం మాత్రం దక్కింది. షోయబ్ 22 తెల్లవారుజామున కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. ఇమ్రోజ్ వయసు తొమ్మిది నెలలు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. షోయబ్ కోరుకున్న విలీనం అయింది. కానీ తర్వాత జరిగింది ఆయన కోరుకున్నది కాదు. రజాకార్ల పాపానికి, వాళ్లతో ఏ సంబంధం లేని పల్లె ముస్లింలు ప్రాణాలిచ్చారు. పండిట్ సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను సర్కారు దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. రజ్వీ మాత్రం జైలు నుంచి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. మంట పెట్టినవాడు వెళ్లిపోయాడు, కాలిన ఇళ్లలో మనవాళ్లు మిగిలారు.

అందుకేనేమో, మన ఇళ్లలో ఆ రోజుల మాట వస్తే పెద్దలు మౌనంగా ఉండేవాళ్లు. ఆ మౌనంలో షోయబ్ పేరు కూడా మరుగున పడింది. ఇప్పుడు ప్రతి సెప్టెంబర్‌లో కొందరు ఆయన పేరు ఎత్తుతారు, ముస్లింలను వేలెత్తి చూపడానికి ఆ షహాదత్‌ను వాడుకుంటారు. ఆయన ముస్లింలను నిలదీశారు నిజమే, కానీ ఒక ముస్లింగా, తన ఖౌమ్ బాగు కోరి నిలదీశారు. ఆయన పక్కన చెయ్యి పోగొట్టుకున్న ఇస్మాయిల్, ప్రకటన మీద సంతకం చేసిన ఆ ఏడుగురు, నగలు ఇచ్చిన ఆ ఇంటి ఆడవాళ్లు, అందరూ ముస్లింలే.

రజాకార్ల జులుంనూ దాచకుండా చెబుదాం, తర్వాత మనవాళ్ల మీద పడ్డ జులుంనూ దాచకుండా చెబుదాం. రెండూ చెప్పగలిగినవాడికే షోయబ్ పేరు ఎత్తే హక్కు ఉంటుంది. ఈసారి మానుకోట మీదుగా రైల్లో పోయేటప్పుడు పక్కన కూర్చున్న పిల్లలకు ఆయన కథ చెప్పండి. ఈ దేశం మనదని చెప్పడానికి ఎవరి దగ్గరా సర్టిఫికెట్ తెచ్చుకోనక్కర్లేదని, ఆ మాట కోసం మన పక్క ఊరి కుర్రాడు ఎప్పుడో ప్రాణమే ఇచ్చాడని వాళ్లకు తెలియాలి.