కోయిలకుంట్ల కోటగుమ్మము: ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు 2019 నాటి చలనచిత్రం మూలంగా మన హోసూరు, కృష్ణగిరి పల్లెలలో పిల్లలకు సైతం తెలిసింది. అయితే ఆ కథ మొదలు మన నేలమీదనే ఉన్నదని ఎరిగినవారు అరుదు. 1792లో టిప్పు సుల్తాను నుండి కృష్ణగిరితో కూడిన బారామహలు కంపెనీ వశమైనప్పుడు, కెప్టెన్ రీడ్ కింద పనిచేసిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిని అభ్యసించింది ఇక్కడనే. (హోసూరు 1799లో గాని కంపెనీకి దక్కలేదు.) 1800లో నిజాము రాయలసీమను దత్తం చేయగా, మన్రో ప్రధాన కలెక్టరుగా అక్కడికి వెళ్ళి పాలెగాండ్ర అధికారాన్ని తొలగించి, పలువురిని భరణాలతో సరిపెట్టారు.

అలా పాలెము కోల్పోయినవారిలో నొస్సం జయరామిరెడ్డి ఒకరు. ఆయన దౌహిత్రుడే నరసింహారెడ్డి. తాత గతించగానే నొస్సం భరణం నిలిచిపోయింది. మనుమనికి మిగిలినది నెలకు పదకొండు రూపాయల చిల్లర మాత్రమే.

కేవలం ఒక రెడ్డిగారి భరణం కోసం ఊళ్ళకు ఊళ్ళు కదలవు. అసలు సంగతి కట్టుబడులది. వారు తరతరాలుగా ఊరి కావలి కాచి, అందుకు ప్రతిఫలంగా మాన్యం అనుభవించినవారు. వారిలో బోయలు అనేకులు. కంపెనీ ఆ మాన్యాలను తిరిగి లాగుకొన్నది. మొర వినవలసిన కచేరీయే భూమిని తీసుకొన్న కచేరీ. దొంగలనుండి ఊరిని కాచినవారే, దిక్కుతోచక 1846లో నరసింహారెడ్డి వెంట ఆయుధం పట్టారు. కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది, ఉద్యోగులు హతులయ్యారు. పిదప గిద్దలూరు ప్రాంతంలోను, నల్లమలలోను సైన్యానికి చిక్కక తిరిగారు. జనం అండ లేనిదే అన్నాళ్ళు నిలవడం సాధ్యం కాదు.

అక్టోబరు 6న పేరుసోమల కొండలలో ఆయన పట్టుబడ్డారు. దాదాపు వెయ్యిమందిపై వారెంట్లు వెలువడగా 412 మందిని నేరారోపణ లేకుండానే విడిచిపెట్టారు, 112 మందికి శిక్షలు పడ్డాయి. అంతమందిని పట్టి, అందులో ఇన్ని వందలమందిని ఊరికే వదలిన చట్టంపై పల్లెకు గౌరవం ఎట్లా కలుగుతుంది?

ఆయనను కొనియాడే పదాలు రాయలసీమలో నేటికీ వినిపిస్తాయి. జనం ఆయనను దోపిడీదారుగా తలచలేదు. ఆ తీర్పును నేను తప్పుపట్టను. కాని ఖజానాలో చచ్చినవారిలో దొరలు లేరు, కొద్దిపాటి జీతానికి కొలువు చేసిన నాటివారే. వారి ఇండ్లలోను ఏడ్పులు ఉండే ఉంటాయి. ఆ ఏడ్పులకు పదం కట్టినవారు లేరు.

1847 ఫిబ్రవరి 22 ఉదయం కోయిలకుంట్లలో, సుమారు రెండువేలమంది చూస్తుండగా ఆయనను ఉరితీశారు. భయం కలగాలని శిరస్సును కోటకు వ్రేలాడగట్టారు. 1877 దాకా, మహాక్షామం ఆ సీమను దహిస్తున్న నాటి వరకు, అది అక్కడే ఉన్నది.